ముఖ్య తోపు అధికారి

"మన కాగితం చేతికందగానే పౌరుడి పెదవి మీద చిరునవ్వు మొలవాలి" అని డైరెక్టర్ జనరల్ భువనమోహన్ గారు, ఏదో శిక్షణా తరగతికి వెళ్ళొచ్చిన మర్నాడే ఆదేశించారు. అంతా దాంతోనే మొదలైంది.

ఆయన ఏలుబడిలో ఉన్నది రాష్ట్ర పౌర ధ్రువపత్రాల సాంకేతిక సంస్థ. పుట్టిన దగ్గర్నుంచి పోయేదాకా మనిషికి కావలసిన పత్రాలన్నీ విజయవాడలోని ఆ నాలుగంతస్తుల భవనంలో ఉన్న కంప్యూటర్లే ఇస్తాయి. చిరునవ్వు పథకం కింద ప్రతి పత్రం అడుగునా "మీ జీవితంలోని ఈ శుభ ఘట్టానికి హార్దిక శుభాకాంక్షలు" అని అచ్చు కావాలి. ప్రతి పత్రం అన్నారు కనక, కిశోర్ అనే కాంట్రాక్టు ఇంజనీరు ప్రతి పత్రం మీదా పెట్టాడు.

ఆ వారంలోనే ఒక పేపర్లో ఫొటో పడింది. తండ్రి పోయిన ఒకాయనకి వచ్చిన పత్రం అది. ఆయన పెదవి మీద చిరునవ్వు మొలిచినట్టు ఆ వార్తలో ఎక్కడా లేదు.

"మధ్యాహ్నం లోపల సరిచేయండి!" అని డైరెక్టర్ గారు కేకేశారు. ఆ సంస్థలో మరణ ధ్రువపత్రాన్ని మృత్యు ధ్రువపత్రం అంటారు. సంస్కృతంలో చెబితే దుఃఖం కొంత తగ్గుతుందని భాషా సలహా సంఘం అభిప్రాయం. కాబట్టి కిశోర్ భోజనం మానేసి, ఏ పత్రంలో "మృత్యు" అన్న మాట కనిపించినా శుభాకాంక్షలు తీసేసి సంతాపం అచ్చు వేసేలా, ఆ పత్రంలోని మనిషిని మృతుల జాబితాలో చేర్చేలా ప్రోగ్రాము మార్చాడు. మార్చి ఇంటికెళ్ళాడు. ఇంటికి చేరేసరికి ఉద్యోగం లేదు.

సాయంత్రం అత్యవసర సమావేశం. సీనియర్ ఇంజనీరు కాబట్టి ఇందుమతిని కూడా పిలిచారు.

"అసలీ తప్పు లోపలికి ఎలా వెళ్ళింది?" అని విజిలెన్స్ అధికారి నరహరి అడిగాడు. క్రమశిక్షణ అన్న మాట పలికేటప్పుడు కాస్త నిటారుగా కూర్చునే మనిషి.

ఇందుమతి ఓపిగ్గా చెప్పింది. సంస్థ ప్రోగ్రాములన్నీ రిపోజిటరీ అనే ఒకే చోట ఉంటాయి. ఇంజనీర్లు ఎవరి కంప్యూటర్లో వాళ్ళు మార్పు రాసుకుని దాన్ని రిపోజిటరీలోకి పంపుతారు. ఆ పంపడాన్నే పుష్ చేయడం అంటారు.

"అంటే ఎవరు పడితే వాళ్ళు తోసెయ్యడమేనా?" నరహరి నిర్ఘాంతపోయాడు. "తాళం లేదూ?"

"తాళం వేసుకోవచ్చు సార్. చాలా చోట్ల వేస్తారు. ఒకరు రాసింది ఇంకొకరు చూసి సరే అన్నాకే లోపలికి వెళ్ళేలా పెడదాం. కిశోర్ రాసింది కూడా ఎవరమన్నా ఓసారి చూసుంటే..."

ఆమె మాటల్లో తాళం అన్నదొక్కటే సమావేశానికి నచ్చింది. అక్కడికక్కడే రిపోజిటరీకి తాళం పడింది. భాషా సలహా సంఘం పుష్ అన్న మాటని తోపు అని తెనిగించింది. నరహరి కన్వీనరుగా అక్రమ తోపుల నిరోధక కమిటీ ఏర్పడింది.

ఇక తాళంచెవి ఎవరికివ్వాలన్న ప్రశ్న వచ్చింది.

"గత చరిత్రలో ఒక్క పొరపాటూ లేనివారికే ఇవ్వాలి" అన్నారు డైరెక్టర్ గారు.

కమిటీ ఇంజనీర్లందరి చరిత్రలూ తిరగేసింది. ఇన్నేళ్ళలో ప్రతివాళ్ళూ ఏదో ఒక పొరపాటు చేసి, తర్వాత సరిదిద్దుకున్నవాళ్ళే. ఇందుమతి పేరు మీదా ఉన్నాయి. ఒక్క పొరపాటూ లేనివాళ్ళు ఎవరా అని చూస్తే, ఎన్నడూ ఏదీ తోయనివాళ్ళే తేలారు. అందుచేత కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది: "ఇంతవరకు ఏ విధమైన తోపునకును పాల్పడని నిష్కళంకులు మాత్రమే తోపు అధికారమునకు అర్హులు."

"సార్, పని చేసినవాళ్ళు పనికి రారని రాస్తున్నారు" అంది ఇందుమతి.

"పని చేసినవాళ్ళ మీదే కదమ్మా ఫిర్యాదులన్నీ!" అన్నాడు నరహరి.

అలా మత్స్యశాఖ నుంచి డెప్యుటేషన్ మీద వచ్చారు సర్వేశ్వరం గారు. కాకినాడ మనిషి. రిటైర్మెంటుకి దగ్గర పడ్డారు. సర్వీసంతటిలో ఒక్క మెమో లేదు. కంప్యూటర్ ముట్టుకున్న దాఖలా కూడా లేదు. గది తలుపుకి "ముఖ్య తోపు అధికారి" అని ఇత్తడి బోర్డు బిగించారు. రిపోజిటరీ తాళం తెరిచే చిన్న పరికరాన్ని తాడు కట్టి ఆయన మెడలో వేశారు. ఆ బోర్డు చూసి కింది అంతస్తులో పనిచేసే కుర్రపిల్లలు పగలబడి నవ్వడం మొదలెట్టారు.

"ఎందుకమ్మా నవ్వుతున్నారు వీళ్ళు?" అని ఆయన ఇందుమతిని అడిగారు.

"ఈ కాలప్పిల్లలు బాగా గొప్పవాణ్ని తోపు అంటారండీ."

"ఓర్నాయనో, నేనలాంటివాణ్ని కాదండి బాబూ" అని ఆయన కంగారుపడ్డారు. రోజూ పదింటికి వచ్చి, మెడలో పరికరం ఉందో లేదో తడిమి చూసుకుని, అయిదింటికి వెళ్ళిపోయేవారు.

అంతటితో ఆగితే అది కమిటీ కాదు. "సంస్థ ఆవరణలో తగు అనుమతి లేనిదే ఎవరును దేనినీ తోయరాదు" అని సర్క్యులర్ వచ్చింది. అందులో రిపోజిటరీ అన్న మాట వేయడం టైపిస్టు మర్చిపోయాడు. తప్పు దిద్దాలంటే సర్క్యులర్ని ఉపసంహరించాలి, ఉపసంహరిస్తే తప్పు ఒప్పుకున్నట్టవుతుంది. కాబట్టి అమలు చేశారు. ముఖద్వారం గాజు తలుపు మీది "తోయుము" అన్న స్టిక్కరు పీకేశారు. గేటు దగ్గర అరటిపళ్ళ తోపుడు బండిని ఆపి, బండి యజమానిని దాన్ని వెనక్కి లాక్కుంటూ నడవమన్నారు. క్యాంటీనులో వరస కదలకపోయినా ముందువాణ్ని ఎవరూ నెట్టలేదు. ఆ ఒక్కదాని గురించి మాత్రం అందరూ సర్క్యులర్ని మెచ్చుకున్నారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఉయ్యూరు నుంచి మృత్యుంజయరావు వచ్చాడు.

ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. వెంట భార్య అనసూయమ్మ. మెట్లెక్కేసరికి ఆయనకి ఆయాసం వచ్చింది. ఇందుమతి కుర్చీ వేసి మంచినీళ్ళిచ్చింది.

"అమ్మాయ్, నేను పోయానంట" అన్నాడు, కాస్త నెమ్మదించాక.

"ఈయన ఎదురుగా కూర్చుని కాఫీ తాగుతున్నాడమ్మా" అని అందుకుంది అనసూయమ్మ. "నా ఫోనుకి మెసేజొచ్చింది. మీ భర్త మృతికి ప్రగాఢ సానుభూతి అని. ఏవయ్యా, నువ్వు పోయావంట చూడూ అన్నాను. నవ్వుకున్నాం. ఆ వెనకే నాకు వితంతు పెన్షన్ ఇచ్చామని ఇంకోటొచ్చింది. నేను అడిగింది లేదు, పెట్టింది లేదు."

దరఖాస్తు లేకుండా పెన్షన్ మంజూరు కావడం ఆ రాష్ట్రంలో అంతకుముందు ఎవరూ ఎరగరు.

నవ్వు ఆసుపత్రిలో ఆగిపోయింది. ఆయన గుండెలో కవాటం పాడైంది, ఆపరేషన్ చేయాలి. అందుకు ప్రభుత్వ ఆరోగ్య కార్డు కావాలి, కార్డుకి ఆదాయ ధ్రువపత్రం కావాలి. ఆ పత్రం తీసుకున్న రోజే ఆయన పోయాడు. "చనిపోయినవాళ్ళకి ఈ కార్డు మీద ఆపరేషన్ చేయలేమండీ, కంప్యూటరు ఒప్పుకోదు" అని ఆసుపత్రివాళ్ళు మర్యాదగానే చెప్పారు. డాక్టరు మాత్రం బయటిదాకా వచ్చి, ఎక్కువ రోజులు ఆగొద్దని అనసూయమ్మతో విడిగా అన్నాడు.

ఇందుమతికి విషయం బోధపడ్డానికి ఎంతోసేపు పట్టలేదు. పేరులోనే ఉంది. మృత్యుంజయ. కిశోర్ ప్రోగ్రాము ఆ పేరులో మొదటి సగం చూసి, రెండో సగం చదవకుండానే మనిషిని చంపేస్తోంది. తీసి చూస్తే రాష్ట్రంలో మృత్యుంజయరావులూ మృత్యుంజయశర్మలూ మృత్యుంజయరెడ్లూ కులభేదం లేకుండా పోయి ఉన్నారు.

పేరులో కాకుండా పత్రం శీర్షికలో మాత్రమే ఆ మాట వెతకమని ఒక్క వాక్యం రాస్తే చాలు, వాళ్ళంతా వాళ్ళంతట వాళ్ళే జాబితాలోంచి బయటపడతారు. ఆ వాక్యం రాసి, పక్క సీటు ఇంజనీరుకి చూపించి సరే అనిపించుకుని, ఇందుమతి పరుగున ముఖ్య తోపు అధికారి గదికి వెళ్ళింది.

సర్వేశ్వరం గారు అంతా విన్నారు. మెడలో పరికరం తడిమి చూసుకున్నారు.

"అమ్మా, నేనిది తోశాననుకోండి. అప్పుడు నేను తోసినవాణ్నవుతాను కదండీ?"

"అవుతారు."

"తోసినవాడికి ఈ అధికారం ఉండకూడదని కాయితంలో ఉందండి. అధికారం లేనివాడు తోస్తే సస్పెన్షనండి. ఎటు తిప్పి చూసినా తోసిన మరుక్షణం నేను దోషినేనండి. రిటైర్మెంటు దగ్గరికొచ్చిందమ్మా. ఇన్నేళ్ళూ ఒక్క మాట పడలేదు. నా వల్ల కాదండి. తిట్టుకోకండి."

ఇందుమతి తిట్టుకోలేదు. తిట్టాల్సినవాళ్ళు పై అంతస్తులో ఉన్నారని ఆమెకు తెలుసు. మృత్యుంజయరావు దంపతుల్ని వెంటబెట్టుకుని కమిటీ ముందుకెళ్ళింది.

కమిటీ సానుభూతితో విన్నది. డైరెక్టర్ గారు కళ్ళు మూసుకుని ఆలోచించారు. కళ్ళు తెరిచి, "సమస్య కోడులో ఉందని మీరు చూస్తున్నారు. నేను విస్తృతంగా చూస్తున్నాను" అన్నారు. "కోడుకి తాళం ఉంది. పౌరుడి పేరుకి తాళం లేదు కదా?"

నరహరి ముఖం వెలిగింది. "పేరు మార్పిడి మేళా పెడదాం సార్! జిల్లాకొక కౌంటరు. మృత్యుంజయ స్థానంలో ధనంజయ. అక్షరాల ఒరవడి కూడా పెద్దగా మారదు."

"సంతకాలు కూడా ఇంచుమించు సరిపోతాయి" అని ఇంకో సభ్యుడు మెచ్చుకున్నాడు.

ఇందుమతి లేచి నిలబడింది. "సార్, ఒక్క వాక్యం మార్చలేక ఇన్నివేల మంది పేర్లు మారుస్తారా?"

"వాక్యం మారిస్తే బాధ్యత మాది అవుతుంది. పేరు మార్చుకుంటే వాళ్ళది" అన్నారు డైరెక్టర్ గారు, చిన్నపిల్లకి చెప్పినట్టు.

అందరూ మృత్యుంజయరావు వైపు చూశారు. మొదటి దరఖాస్తు ఆయన దగ్గర తీసుకుంటే ఫొటో బాగుంటుందని ఫొటోగ్రాఫర్ని కూడా పిలిచారు.

ఆయన కుర్చీలో కదల్లేదు.

"మా అమ్మకి నాకు ముందు ముగ్గురు పుట్టి పోయారండీ" అన్నాడు. "నాలుగోవాణ్ని నేను. వీడన్నా నిలవాలని మా నాయన ఈ పేరు పెట్టాడు. నిలిచాను. ఇన్నాళ్ళూ నన్ను నిలబెట్టిన పేరు, ఇప్పుడు ఆపరేషన్ బల్ల ఎక్కబోయే ముందు తీసెయ్యమంటారా? నేను తియ్యను."

"మీ ఆరోగ్యం దృష్ట్యా..." అని నరహరి మొదలెట్టాడు.

"నా ఆరోగ్యం సంగతి మీకు తెలుసుగా. చచ్చాను" అని ఆయన లేచి మెట్లు దిగాడు.

మేళా మాత్రం జరిగింది. చాలామంది వచ్చి ధనంజయులై వెళ్ళారు. రేషను ఆగినవాడికి పేరు మీద పట్టుదల ఎంతకాలం ఉంటుంది? మృత్యుంజయరావు భార్యని వెంటబెట్టుకుని రోజూ పొద్దున బస్సెక్కి వచ్చి సందర్శకుల గదిలో కూర్చుని, సాయంత్రం వెళ్ళేవాడు. రోజురోజుకీ ఆయన మెట్లెక్కడానికి పట్టే సమయం పెరుగుతోంది. అది చూడలేక ఇందుమతి ఆ గది వైపు వెళ్ళడం మానేసింది. మానేసినందుకు మళ్ళీ తననే తిట్టుకుంది.

అప్పుడు వాన వచ్చింది.

మధ్యాహ్నానికే రోడ్లు మునిగాయి. డైరెక్టర్ గారు ఢిల్లీలో ఒక సదస్సుకి వెళ్ళాలి. "తాళంతో సుపరిపాలన" అన్నది ఆయన ప్రసంగం. గన్నవరం విమానానికి బయల్దేరిన కారు గేటు దగ్గరి పల్లంలో నీళ్ళలో దిగబడి ఆగిపోయింది. డ్రైవరు ఎన్నిసార్లు తిప్పినా ఇంజను దగ్గి ఊరుకుంటోంది.

సిబ్బంది గొడుగులేసుకుని చుట్టూ చేరారు. చేరి, నిలబడ్డారు.

డైరెక్టర్ గారు అద్దం దించారు. "ఏమిటయ్యా చూస్తున్నారు? తోయండి!"

ఎవరూ కదల్లేదు. నరహరి గొడుగు పక్కకి వంచి వినయంగా ముందుకొచ్చాడు. "సార్, మన సర్క్యులర్ ప్రకారం ఆవరణలో..."

"విమానం పోతుందయ్యా!"

"నిబంధన తమరిదే సార్. తమరి కారుకే సడలిస్తే రేపు పేపరువాళ్ళు..."

పేపరు అన్న మాట వినగానే డైరెక్టర్ గారు తగ్గారు. "అయితే ఆ తోపు అధికారిని పిలవండి! ఆయనకుందిగా అధికారం!"

సర్వేశ్వరం గారిని మూడో అంతస్తు నుంచి దింపారు. ఆయన వానలో నిలబడి, "నోటి మాటగానే తొయ్యమంటారాండీ?" అని ఒకసారి అడిగారు. కారులోంచి వచ్చిన జవాబు ఇక్కడ రాయదగ్గది కాదు. ఆయన చెప్పులు విప్పి, పంట్లాము మడిచి, వెనక అద్దం కింద రెండు చేతులూ ఆనించి తోశారు. మోకాలి లోతు నీళ్ళు, పెద్ద వయసు, ఒంటరి మనిషి. చుట్టూ అంతమంది చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఇందుమతి ఉండబట్టలేక నీళ్ళలోకి దిగబోతే నరహరి గొడుగు అడ్డం పెట్టాడు. చివరికి కారు కదిలింది. సర్వేశ్వరం గారి మొహం నిండా బురద చిమ్మి వెళ్ళిపోయింది.

నరహరి దగ్గరికొచ్చి గంభీరంగా అన్నాడు. "సర్వేశ్వరం గారూ, మీరు ఇప్పుడు తోశారు."

"అవునండి. మీరే పిలిచారు కదండీ."

"పిలవడం వేరు, తోయడం వేరు. సర్క్యులర్లో ఏది తోస్తే అన్న వివరం లేదు. కాబట్టి మీ నిష్కళంకత ఈ క్షణంతో భంగమైంది. సాయంత్రంలోగా తాళంచెవి అప్పగించండి. సంజాయిషీ నోటీసు రేపు వస్తుంది."

సర్వేశ్వరం గారు చేత్తో మొహం తుడుచుకున్నారు. బురద ఇంకా పరుచుకుంది. ఇందుమతి వైపు తిరిగారు.

"అమ్మా, ఆ వాక్యం ఇంకా ఉందా అండి?"

"ఉందండీ."

"పదండి. సాయంత్రం దాకా చెవి నా దగ్గరే ఉంటుందన్నారు కదండీ."

ఇద్దరూ మెట్లెక్కారు. వరండా పొడుగునా తడి పాదాల గుర్తులు పడ్డాయి. ఆయన మెడలోంచి పరికరం తీసి, ఇందుమతి చూపించిన చోట గుచ్చారు.

"ఏది నొక్కాలండి?"

"ఇదిగో, ఇది."

"ఇంతేనా అండి?"

"ఇంతేనండీ."

"కారు కన్నా తేలిగ్గా ఉందే" అని నొక్కేశారు.

సందర్శకుల గదిలో అనసూయమ్మ ఫోను మోగింది. ఆమె చదువుకుని, కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివింది. "ఏవయ్యా, నా పెన్షన్ ఆపేశారు" అంది భర్తతో. ఆయన చెయ్యి పట్టుకుని ఏడ్చింది.

కమిటీ మర్నాడు అగ్గి మీద గుగ్గిలమైంది. "పరిశీలన లేకుండా పెద్ద సంఖ్యలో పౌరులను జీవింపజేసినందున" సర్వేశ్వరం గారిని సస్పెండు చేశారు. ఇందుమతిని రికార్డు గదిలోకి మార్చారు. విచారణ పూర్తయ్యేదాకా మృత్యుంజయులందర్నీ పూర్వస్థితిలో ఉంచాలని నరహరి ప్రతిపాదించాడు. కానీ పూర్వస్థితికి తేవాలంటే ఎవరో ఒకరు వెనక్కి తోయాలి. దానికి నిష్కళంకుడు కావాలి. కొత్త నిష్కళంకుణ్ని వెతకడానికి ఉపసంఘం వేశారు. ఈ లోపల తాళం గట్టిగా పడి ఉంది. బతికినవాళ్ళు బతికే ఉన్నారు. మృత్యుంజయరావుకి ఆపరేషన్ అయింది.

సదస్సు నుంచి తిరిగొచ్చిన డైరెక్టర్ గారు విస్తృతంగా ఆలోచించారు. ఇంతమందిని ఒక్క పూటలో బతికించిన సంస్థ దేశంలో ఇంకొకటి లేదని ఆయనకి తోచింది. కొన్నాళ్ళకి సంస్థ సమావేశ మందిరంలో పునర్జీవన మహోత్సవం పెట్టారు. పేపర్లవాళ్ళూ టీవీలవాళ్ళూ వచ్చారు. సస్పెన్షన్లో ఉన్న ఉద్యోగి ఆవరణలోకి రాకూడదు కాబట్టి సర్వేశ్వరం గారు గేటు బయట టీకొట్టు దగ్గర నిలబడ్డారు.

వేదిక మీద మృత్యుంజయరావుకి శాలువా కప్పి, రెండు మాటలు చెప్పమని మైకిచ్చారు. గుండె మీద కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయేమో, ఆయన నెమ్మదిగా మాట్లాడాడు.

"నన్ను బతికించారని శాలువా కప్పారు. బతికించింది తమరు కాదుగా. ఆయన పేరు సర్వేశ్వరం. ఆయన జీతం ఆపేశారంట. ఎందుకాపారండీ? ఆయన గానీ పోయాడా?"

నరహరి సైగ చేస్తే మైకు ఆగిపోయింది. మృత్యుంజయరావు మైకు బల్ల మీద పెట్టి, నిండు బస్సులో వెనక మెట్టు మీంచి డ్రైవరుకి చెప్పే గొంతుతో మళ్ళీ అడిగాడు. "అడుగుతున్నాను సారూ! ఎందుకాపారూ?" చివరి వరసలో కూర్చున్న ఇందుమతి లేచి చప్పట్లు కొట్టింది. కింది అంతస్తు పిల్లలంతా అందుకున్నారు. కెమెరాలన్నీ డైరెక్టర్ గారి వైపు తిరిగాయి.

డైరెక్టర్ గారు చిరునవ్వు నవ్వారు. "సర్వేశ్వరం గారి సస్పెన్షన్ నిన్ననే రద్దయింది" అన్నారు. ఆ మాట అప్పుడే మొదటిసారి విన్న నరహరి, నిన్నటి తేదీ వేసి ఉత్తర్వు తయారుచేయడానికి మెల్లగా వేదిక దిగాడు.

ఇందుమతి పరుగున టీకొట్టు దగ్గరికొచ్చి సంగతి చెప్పింది. "మళ్ళీ అదే గది, అదే బోర్డు ఇస్తారేమోనండీ" అంది నవ్వుతూ.

"వద్దమ్మా, మా శాఖకి పోతాను" అన్నారు సర్వేశ్వరం గారు టీ గ్లాసు కింద పెడుతూ. "అక్కడ ఎవర్నీ తొయ్యక్కర్లేదండి. చేపలు వాటంతటవే ఈదుతాయి."